పంచాంగం చూసుకొని గాలం ఎత్తుకో

(తిరుపతిలో గాలం సరదా ఉండే మిత్రుల ఆదివారం మీటింగులో ఒక అన్న మాట్లాడింది. రాలేకపోయినోళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసినాం. తడబాట్లు మాత్రమే తీసేసినాం, మిగతాది ఉన్నదున్నట్టే.)

అందరికీ నమస్కారమప్పా. వెనకాల వాళ్ళకి వినపడతా ఉందా? ఆ మూల ఫ్యాన్ సౌండు జాస్తిగా ఉండాది, అదొక్కటి ఆపు తమ్ముడూ. ఆఁ, ఇప్పుడు సరిపోయింది.

మనలో చాలామంది చెరువు గాలం వాళ్ళు. పిచ్చాటూరు అరణియార్ కాడనో, ఊరి చెరువు గట్టు మీదనో తవుడు ముద్ద పెట్టి రోహూకి, కట్లకి వేసినోళ్ళు. మీకు ఓపిక గురించి నేను చెప్పేదేముంది? ఓపికలో మీరు నాకంటే పెద్దోళ్ళు. కానీ ఈ రోజు నేను చెప్పేది ఆ ఓపికని కొంచెం పక్కన పెట్టమని. చెరువులో చేప యాడికీ పోదు, మీరు కూర్చుంటే అదే తిరిగి తిరిగి వస్తుంది. సముద్రం ఒడ్డున ఆ కథ నడవదు. ఆడ నీళ్ళు కదిలితేనే చేప తింటుంది, నీళ్ళు నిలబడినాయా, మీరు బంగారం గుచ్చి వేసినా ముట్టుకోదు. పొద్దున ఆరుకి పోయి సాయంత్రం ఆరు దాకా ఎండలో మాడి ఒట్టి చేతులతో వచ్చినోళ్ళు ఈడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూసినారా! ఇంతమంది. మీకు కావాల్సింది పన్నెండు గంటలు కాదు, సరైన రెండు గంటలు. ఆ రెండు గంటలు ఎప్పుడు, యాడ. ఈ రోజు మాట్లాడేది అంతా అదే, ఇంకేం లేదు.

ముందు సముద్రం మనకి యాడుందని అడిగేవాళ్ళు ఉంటారు. తిరుపతోళ్ళకి సముద్రం ఏందబ్బా అని మా ఇంట్లో కూడా నవ్వుతారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, తడ, పులికాట్ మన జిల్లాలోకి వచ్చినాయి, అది కాగితం మీద మాట అనుకోండి. అసలు మాట ఏందంటే మన స్వర్ణముఖి. తిరుచానూరు పక్కన ఇసక తప్ప ఏం కనపడదు మనకి, కాళహస్తి గుడి వెనకాల పారేది అదే ఏరు, నాయుడుపేట దాటుకొని వాకాడు పక్కగా పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. కారులో రెండు మూడు గంటల దూరం. తూపిలిపాళెం వైపు, దుగరాజపట్నం వైపు పోయినోళ్ళకి తెలుసు. దుగరాజపట్నం చిన్న ఊరేం కాదు సామీ, మద్రాసు కోట కట్టక ముందే 1620లలో ఇంగ్లీషోళ్ళు ఆడ దుకాణం పెట్టినారు, ఆర్మగాన్ అనేవాళ్ళు, ఆ పేరుతోనే లైట్‌హౌస్ ఉండాది. చిత్తూరు నుంచి వచ్చిన అన్నలకి చెన్నై దగ్గర, ఎన్నూరు, పళవేర్కాడు అట్లాంటివి. యాడికి పోయినా లెక్క ఒకటే.

ఇప్పుడు కాలం. శివరాత్రి దాటినాక మొదలు, ఏప్రిల్ సగం దాకా. ఎందుకు ఈ కాలమే అంటే, మనకి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం నుంచి వస్తాయి గదా, అప్పుడు ఏర్లన్నీ బురద నీళ్ళు తెచ్చి సముద్రంలో పోస్తాయి, గాలి కూడా తూర్పు నుంచి కొడతా ఉంటుంది, అల పెద్దది, నీళ్ళు ఎర్రగా ఉంటాయి. సంక్రాంతి పోయినాక గాలి తగ్గతా వస్తుంది, మట్టి అడుక్కి దిగుతుంది. ఫిబ్రవరిలో నీళ్ళు 26, 27 డిగ్రీలు ఉంటాయి, ఏప్రిల్ కల్లా 29 దాటతాయి. వేడెక్కే కొద్దీ చేపకి ఆకలి జాస్తి, అరుగుదల జాస్తి. పైగా వానాకాలంలో ఉప్పుటేర్లలోకి పోయి పెరిగిన రొయ్య పిల్ల, బొంత చేప పిల్ల ఇప్పుడు నీళ్ళు తగ్గతా ఉంటే బయటికి వస్తా ఉంటాయి. వాటి కోసం పండుగప్ప, మాగ, పార ఒడ్డు దగ్గరికి వస్తాయి. చేపే మన దగ్గరికి వస్తా ఉంటే బోటు యాల, డీజిలు యాల?

ఇంకొకటి గాలి. ఈ రోజుల్లో తెల్లారేటప్పుడు పడమటి గాలి ఉంటుంది, భూమి మీద నుంచి సముద్రం మీదకి. మీ వీపు వెనక నుంచి వస్తుంది, దారం దూరం పోతుంది, నీళ్ళు నున్నగా ఉంటాయి. పదో పదకొండో అయినాక సముద్రం గాలి తిరుగుతుంది, మొహం మీద కొడుతుంది, ఎంత విసిరినా దారం వచ్చి మీ కాళ్ళ కాడ పడతది. అందుకే ఒడ్డు చేపకి తెల్లారుజాము. మధ్యాన్నం పోయి చేప లేదని తిట్టుకోవద్దు.

సరే, అసలు సంగతికి వద్దాం. పోటు, ఆటు.

సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుంది, అది పోటు. రెండుసార్లు తగ్గుతుంది, అది ఆటు. ఒక పోటుకి ఇంకో పోటుకి మధ్య పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. అంటే రోజురోజుకీ దగ్గర దగ్గర 50 నిమిషాలు వెనక్కి పోతా ఉంటుంది. ఈ రోజు తెల్లార్తో 5 గంటలకి పోటు అయితే రేపు 5:50కి. అమావాస్యకి, పౌర్ణమికి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు పోటు పెద్దది, ఆటు లోతు. అష్టమి నవమి దశమికి నీళ్ళు సోమరిగా ఉంటాయి, పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు. ఇది మన బెస్తోళ్ళకి ఎవురూ చెప్పక్కర్లేదు, తిథి చెప్తే నీళ్ళు చెప్పేస్తారు.

ఇప్పుడు ఒక కిటుకు చెప్తా, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఈ అమావాస్యకి మీరు పోయే చోట పోటు ఎన్ని గంటలకి అయిందో ఫోన్లో చూసి రాసి పెట్టుకోండి. మళ్ళా పౌర్ణమికి చూడండి, అటూ ఇటూగా అదే టైముకి ఉంటుంది. విదియకి విదియ, తదియకి తదియ, పక్షం మారినా గడియారం పెద్దగా మారదు. ఎందుకంటే పదిహేను రోజులు, రోజుకి 50 నిమిషాలు, లెక్కేసుకోండి, మొత్తం పన్నెండున్నర గంటలు, అంటే సరిగ్గా ఒక పోటు జరిగిపోయింది, దాని తర్వాతది ఆ జాగాకి వచ్చింది. అంటే ఒక పక్షం మీరు చూసి రాసుకుంటే చాలు, తర్వాత ఇంట్లో గోడ మీద దేవస్థానం క్యాలెండర్ చూసి, ఏ తిథికి తెల్లార్తో నీళ్ళు కదులుతాయో చెప్పేయొచ్చు. అట్లని దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, పోయే ముందర రోజు చెన్నైదో కృష్ణపట్నందో పోర్టు పోటు టేబుల్ ఒకసారి సరిచూసుకోండి. కానీ సెలవు ఎప్పుడు పెట్టాలి, ఏ ఆదివారం పోవాలి, ఇది నెల ముందే తెలిసిపోతుంది గదా!

ఇక్కడ ఒక డౌటు రావాల. మన తీరంలో పోటు ఎంత ఎక్కుతుంది? గుజరాత్‌లో భావనగర్ పక్క పది మీటర్లు ఎక్కుతుంది. మన చెన్నై పక్క ఎంత? పెద్ద అమావాస్యకి కూడా ఒక మీటరు, దాని చుట్టూ. ఇంతే! మరి ఒక మీటరుకి చేప ఎందుకు అంత హడావిడి చేస్తుంది? ఓపెన్ బీచిలో అయితే నిజంగానే చేయదు. అందుకే జాగా ముఖ్యం. ఆ ఒక్క మీటరు నీళ్ళు ఒక పెద్ద ఉప్పుటేరు నిండా ఎక్కి, మళ్ళా అవన్నీ ఒక చిన్న సందులోనుంచి బయటికి రావాలంటే ఏమవుతుంది? ఆ సందులో నీళ్ళు ఉరుకుతాయి. ఏరు సముద్రంలో కలిసే ఆ సందునే ముఖద్వారం అంటారు, అలిపిరి చెక్‌పోస్ట్ అనుకోండి, కొండెక్కే బండి ఏదైనా ఆడ ఆగే పోవాల. లోపలి రొయ్య, లోపలి బొంత పిల్ల, ఏది బయటికి రావాలన్నా ఆ సందే దారి. పండుగప్పకి ఇది మనకంటే బాగా తెలుసు. అది బయట, నీళ్ళు ఉరికే చోటికి పక్కన, నీళ్ళు కొంచెం నెమ్మదిగా ఉండే అంచులో మూతి ప్రవాహం వైపు పెట్టుకొని ఊరికే నిలబడి ఉంటుంది. ఈదే పని లేదు. తిండి నోటి కాడికి వస్తుంది.

అందుకే ఆటు మొదలైనాక మొదటి రెండు మూడు గంటలు. రాసుకున్నారా? ఆటు మొదలైనాక. పోటు పూర్తిగా ఎక్కి నిలబడినప్పుడు అరగంట టీ తాగండి, ఏం కాదు. నీళ్ళు తిరిగి బయటికి కదలడం మొదలైనాక లేవండి. ఇంకో సంగతి, సముద్రంలో ఆటు అయిపోయింది అని టేబుల్ చెప్పినా, లోపల ఏరు పెద్దదైతే నీళ్ళు ఇంకా కొంతసేపు బయటికి వస్తానే ఉంటాయి. అంత నీళ్ళు ఆ సందులోనుంచి ఖాళీ కావాల గదా, ఆలస్యం అవుతుంది. టేబుల్ చూసి మూట కట్టేయొద్దు, నీళ్ళు చూడండి. ఒక ఎండు ఆకు వేసి చూడండి, యా పక్కకి పోతా ఉందో.

పోయే ముందర ఫోన్ చేసి కనుక్కోవాల్సింది ఒకటుంది, ముఖద్వారం తెరుచుకొని ఉందా లేదా అని. ఇది మన తీరానికి ఉండే తిరకాసు. మన పక్క ఇసక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి జాస్తిగా జరుగుతుంది. వానల్లో ఏరు పారినప్పుడు ఆ ఇసకని తోసేస్తుంది, ముఖద్వారం తెరుచుకుంటుంది. ఎండలు మొదలై ఏట్లో నీళ్ళు తగ్గితే ఇసక గెలుస్తుంది, సందు సన్నబడి సన్నబడి ఒక్కోసారి మూసుకునే పోతుంది. పులికాట్‌కి ఉత్తరాన రాయదొరువు ముఖద్వారం పూడిపోతుందని అక్కడి జాలర్లు ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నారో పేపర్లలో చూస్తానే ఉన్నాం. సందు మూసుకుంటే లోపల నీళ్ళు కదలవు, పైన ఎండకి ఉప్పు ఎక్కుతుంది, చేప రాదు, జాలరోళ్ళకి కూడు ఉండదు. మనకి ఆదివారం సరదా పోతుంది, వాళ్ళకి బతుకే పోతుంది. సరే.

ముఖద్వారం దొరకలేదు, ఓపెన్ బీచే గతి అనుకోండి. అప్పుడు ఏం చేయాల? వెంటనే గాలం తీయొద్దు. ఒక ఇసక దిబ్బ ఎక్కి పది నిమిషాలు అలని చూడండి. దూరంగా అల విరిగి తెల్లగా నురగ వస్తుంది, ఆడ అడుగున ఇసక మెట్ట ఉంది. తర్వాత అల చల్లబడి, ముదురు రంగు నీళ్ళ చార ఒకటి ఒడ్డుకి సమానంగా కనపడతది, అది కాలవ, లోతు. మళ్ళా ఒడ్డు కాడ అల పడతది. చేప తిరిగేది ఆ కాలవలో. గొరక, కెళంగా, చిన్న పార అన్నీ ఆడే. అది ఎంత దూరం? పదిహేను ఇరవై మీటర్లు కూడా ఉండదు ఒక్కోసారి. మనోళ్ళు ఏం చేస్తారు? కొత్త రాడ్డు కొన్నామని భుజం ఊడిపోయేటట్టు ఎనభై మీటర్లు విసురుతారు, చేపల నెత్తి మీద నుంచి దాటించి పెడతారు! మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చేపల మీద నిలబడినోళ్ళని చూసినా నేను.

ఇంకా చూడండి, ఆ తెల్ల నురగ వరసలో ఒక చోట మాత్రం అల విరగకుండా ఖాళీ ఉంటుంది. ఒడ్డు మీదకి వచ్చిన నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. దాని రెండు అంచులు చేపకి మంచి చోటు. మనిషికి అదే చావు చోటు. నున్నగా ఉందని పిల్లోళ్ళు స్నానానికి దిగేది ఆడనే. ఎవురన్నా లాగబడితే ఒడ్డుకి ఎదురీదొద్దు, పక్కకి, ఒడ్డుకి సమానంగా ఈది బయట పడాల. ఫ్యామిలీతో పోయేవాళ్ళు ఇది పిల్లోళ్ళకి చెప్పండి, చేప సంగతి తర్వాత.

మార్చి ఏప్రిల్లో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి. సముద్రం వైపు తిరిగి నిలబడితే మీ ఎడం చేతి వైపు. మీ సీసం గుండు తేలికైతే మీ ఎర ఎడం పక్కకి జరిగిపోయి పక్కోడి దారంలో చుట్టుకుంటుంది, ఆడ కొట్లాట. అందుకే బరువు చూసుకోండి, లేదా గుంపులో ఉత్తరం చివర నిలబడండి, మీది ఎవురికీ తగలదు. నేను ఎప్పుడూ ఆ చివరే, కొట్లాట మనకొద్దు!

సామాను గురించి అడుగుతారని తెలుసు, తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇది మొదలు పెడితే రాత్రి పది అయినా మీరు లేవరు. ఎనిమిది తొమ్మిది అడుగుల రాడ్డు, 4000 సైజు రీలు, 20 నుంచి 30 పౌండ్ల బ్రెయిడ్, అంటే అల్లిన దారం, దాని ముందు గాలం కాడ ఒక రెండు అడుగులు 40 పౌండ్ల మోనో లీడర్, అంటే ఒంటి పోగు నైలాన్ దారం. ఆ లీడర్ ఎందుకు? పండుగప్పకి పళ్ళు కోసేవి కావు, కానీ మొప్ప మీద డిప్ప అంచు బ్లేడు. అది తల విదిలిస్తే ఒట్టి బ్రెయిడ్ నిలబడదు. మొప్పలో వేలు పెట్టి ఎత్తేవాళ్ళు ఉన్నారు, వద్దప్పా, వేలు తెగుద్ది. కింది పెదవి పట్టుకోవాల, లేదంటే గ్రిప్పరు. ఇంటికొచ్చినాక రీలుని మంచి నీళ్ళతో కడగండి, పైప్ ఫోర్సుగా పెట్టొద్దు, ఉప్పు లోపలికి పోతుంది.

ఎర. బతికున్న రొయ్యకి మించింది లేదు. గుచ్చేది చూడండి, రొయ్య తల మీద కొమ్ము ఉంటుంది, దాని కింద తల లోపల ఒక నల్ల చుక్క లాగా కనపడతది. ఆ నల్ల చుక్కకి తగలకుండా, కొమ్ము మొదట్లో డిప్ప కింద నుంచి సన్నగా గుచ్చండి. నల్లదానికి గుచ్చినారా, రొయ్య చచ్చింది. సరిగ్గా గుచ్చితే అరగంట దాకా కాళ్ళు కొట్టుకుంటా, తోక ఆడిస్తా ఉంటుంది. దాన్ని ప్రవాహానికి పైన వేసి, దారం కొంచెం వదులుతా, దాని మానాన నీళ్ళతో పోనీండి. లాగొద్దు. పండుగప్ప పట్టేటప్పుడు కొరకదు, నోరు ఒక్కసారి తెరిచి నీళ్ళతో సహా లోపలికి పీల్చేస్తుంది, పైన తింటే టప్పుమని సౌండు వస్తుంది, చీకట్లో ఆ సౌండు విన్నోడికి ఇంక నిద్ర పట్టదు. వెంటనే లాగొద్దు, దారం బిగుసుకొని బరువు తెలిసినాక రాడ్డు ఎత్తండి. అప్పుడు అది నీళ్ళలోనుంచి పైకి లేచి తల విదిలిస్తుంది, ఆ టైంలో రాడ్డు దించండి, దారం మరీ బిగువుగా ఉంటే గాలం ఊడి వచ్చేస్తుంది.

రొయ్య దొరకకపోతే సాఫ్ట్ ప్లాస్టిక్, మినో లూర్, అంటే చిన్న చేప మాదిరి ఉండే బొమ్మ ఎరలు. ఈ కాలంలో నీళ్ళు తేటగా ఉంటాయి కాబట్టి మెరుపు రంగులు తగ్గించండి, బొంత పిల్ల రంగు చాలు. నీళ్ళ మీద పక్షులు ఒకే చోట దబదబా దూకుతా ఉంటే మాత్రం ఏం ఆలోచించొద్దు, కింద పారలు తరుముతా ఉన్నాయి, ఏదున్నా విసరండి.

ఇప్పుడు కొంచెం తిట్లు తినే మాట. పండుగప్ప పుట్టేటప్పుడు మగది. పెరిగి పెరిగి కొన్నేళ్ళకి ఆడది అవుతుంది. నిజం! మన చెన్నైలో సీబా అని ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఉండాది, వాళ్ళు 1997లో దీన్ని ట్యాంకుల్లో గుడ్లు పెట్టించినారు, వాళ్ళకి పెద్ద తలనొప్పి ఇదే, తల్లి చేప కావాలంటే ఏళ్ళు పెంచాల. అంటే మీరు ఫోటోకి ఎత్తి పట్టుకునే ఐదారు కిలోల పెద్ద చేప చాలావరకు ఆడదే, అది ఏప్రిల్ నుంచి ముఖద్వారం దగ్గరికి వచ్చేది గుడ్లు పెట్టేదానికి. రెండు కిలోలది కూరకి తెచ్చుకోండి, రుచి కూడా దానిదే బాగుంటుంది, పెద్దది పీచు. పెద్దది ఫోటో తీసుకొని వదిలేయండి. తిట్టుకున్నా సరే, నేను చెప్తానే ఉంటా. ఈడ నాగలాపురంలో మత్స్యావతారం గుడి పెట్టుకున్న జిల్లా మనది, ఆ మాత్రం మర్యాద చేద్దాం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరం మొత్తం వేట నిషేధం. 2015 నుంచి 61 అయింది, ముందర తక్కువ ఉండేది. మన రాష్ట్రంలో ఆ రోజులకి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయం 2025లో ఇరవై వేలు చేసినారు. ఆ నిషేధం ఇంజిన్ బోట్లకి. ఒడ్డున గాలం వేసేవాడి గురించి కాదు, కానీ బోటు మాట్లాడుకొని పోదామనేవాళ్ళు అది ఏప్రిల్ 14 లోపలే. నిషేధంలో ఎవడో అయిదు వేలు ఇస్తే తీసుకుపోతానంటాడు, పోవద్దు, పట్టుబడితే పోయేది వాడి బోటు, వాడి బతుకు.

శ్రీహరికోట పక్క పోవద్దు, అది షార్, చెప్పక్కర్లేదు. పులికాట్ లోపల సరదాకి గాలం వేయొద్దు, అది పక్షుల అభయారణ్యం, ఆడ జాలర్లకి ఎవురు ఏ చోట వల వేయాలని తరాలుగా కట్టుబాటు ఉండాది, మనం పోయి మధ్యలో నిలబడేది ఏం బాగుంటుంది? ఇంకోటి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట తాబేళ్ళు ఒడ్డుకి గుడ్లు పెట్టేదానికి వస్తాయి, ఆలివ్ రిడ్లీ. మనం తెల్లారుజాము నాలుగుకే పోతాం గదా, బండ్లు ఇసక మీద నడపొద్దు, టార్చి మొహాన కొట్టొద్దు, తలకి పెట్టుకునే లైటుకి ఎర్ర గుడ్డ కట్టుకోండి.

పోయే ముందర ఇన్‌కాయిస్ వాళ్ళది చూడండి, హైదరాబాదులో ఉంటారు, తెలుగులోనే సముద్రం పరిస్థితి ఇస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఈడ గాలి ఉండదు, ఆకాశం తేటగా ఉంటుంది, అయినా పెద్ద అల వస్తుంది. యాడో దక్షిణాన హిందూ మహాసముద్రంలో తుఫాను లేపిన అల అన్ని రోజులు ప్రయాణం చేసి మన ఒడ్డుకి వస్తుంది. ఆకాశం చూసి నమ్మొద్దు, హెచ్చరిక ఉంటే ఇంట్లో ఉండండి.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆఁ, ఆ ఎర్ర చొక్కా అన్న.

జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలని అడుగుతున్నారు. మంచి ప్రశ్న, అందరికీ జరిగేదే. జెల్లకైనా, టేకు అంటే ఇసకలో చదునుగా పడుకునే చేప, దాని తోక ముల్లుకైనా మందు వేడి నీళ్ళు. ఆ విషం వేడికి విరిగిపోతుంది. చేయి తట్టుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలు దాటకుండా, దాంట్లో అరగంట నుంచి గంటన్నర దాకా పెట్టండి, నొప్పి తగ్గుతుంది. ముందు గుచ్చుకోని చేయి పెట్టి చూసుకోండి, నొప్పి మీద కాలేది తెలియదు. నేను ఫ్లాస్కు తీసుకుపోయేది అందుకే, అందరూ టీ అనుకుంటారు. తర్వాత ఆస్పత్రికి పోవాల, ముల్లు ముక్క లోపల విరిగి ఉంటుంది, టీటీ ఇంజెక్షన్ కావాల. కడుపులోనో ఛాతీలోనో గుచ్చుకుంటే ముల్లు పీకొద్దు, అట్లే తీసుకుపోండి. నీళ్ళలో నడిచేటప్పుడు కాలు ఎత్తి వేయొద్దు, ఇసకలో రాసుకుంటా జరపండి, టేకు ముందే తప్పుకుంటుంది.

ఉబ్బే చేప తినొచ్చా? వద్దమ్మా, వద్దే వద్దు. గాలి మింగి పొట్ట ఉబ్బించుకునేది ఏదైనా తిరిగి నీళ్ళలోకి. దాని విషం ఉడికించినా పోదు, దానికి విరుగుడు మందు కూడా లేదు.

చివరిది, తిరుపతి దాకా చేప చెడకుండా ఎట్ల తేవాలని. ఐస్ మీద చేప పెడితే ఒక పక్కే చల్లబడుతుంది. ఐస్‌ని బాగా కొట్టి, బాక్సులో వేసి, సముద్రం నీళ్ళు కొంచెం పోసి, గంజి మాదిరి కలిపి చేపని దాంట్లో ముంచండి. చేపని సముద్రంలోనుంచి తీసిన వెంటనే మొప్ప కింద కోసి రక్తం పోనీండి, పేగులు తీసేయండి, అప్పుడు ముంచండి. చేప బరువెంతో ఐస్ బరువంత ఉండాల. నాయుడుపేటలో ఐస్ దొరుకుతుందిలే, పోయేటప్పుడే కొనండి, తెల్లారుజాము మూడుకి షాపు తెరిచి ఉండదు కాబట్టి ముందు రోజు రాత్రే చెప్పి పెట్టుకోండి.